కాలువగట్టు మీద గులాబీ టైమింగులు

జనార్దనయ్య జీవితంలో ఒక్కసారి కూడా గుర్రం ఎక్కలేదు. తన పెళ్లిలో ఎక్కబోయినాడు గానీ గుర్రం ఒప్పుకోలేదు. అయినా బెంగుళూరులో పొద్దున్నే ఏ రేసుగుర్రం ఎంత దూరం ఎన్ని సెకండ్లలో పరిగెత్తిందో ఉదయగిరిలో కూర్చొని చెప్పగలడు. దానికి గుర్రం అక్కర్లేదు. మంచి నెట్‌వర్కూ, ఓపికగల భార్యా ఉంటే చాలు. నెట్‌వర్కు మిద్దె మీద దొరికేది. భార్య దేవకమ్మ మిద్దె కింద దొరికేది. ఆమె ఓపిక మాత్రం పైనా కిందా ఎక్కడా సిగ్నలు చూపించేది కాదు.

కండక్టరుగా చేరి ఆత్మకూరు బస్టాండులో కంట్రోలరుగా రిటైరైన మనిషి. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని ఏళ్ల తరబడి రాసి రాసి, రిటైరైన మర్నాడు పొద్దున రాయడానికి ఏమీ లేక వేళ్లు గిలగిల్లాడినాయి. అప్పుడు ఫోనులో దొరికింది ఈ విద్య. పందేనికి నాలుగు రోజుల ముందునుంచీ గుర్రాలను తెల్లారుజామున ట్రాకు మీద పరిగెత్తిస్తారు. ఎవరో గడియారం పట్టుకొని నిలబడి టైము రాస్తారు. "ఆరొందల మీటర్లు, నలభై సెకండ్లు, ఈజీగా వచ్చింది." "వెయ్యి మీటర్లు, అరవై ఆరు, ఒత్తితే వచ్చింది." ఇంతే. ఈ రెండు ముక్కలు పట్టుకొని ఆదివారం ఏది గెలుస్తుందో చెప్పాలి. జనార్దనయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇది కూడా టైమ్‌షీటే. బస్సులకి బదులు గుర్రాలు. పైగా గుర్రాలకి టైరు పంక్చరు కాదు.

పందెం మాత్రం కాయడు. మొదటి వారమే దేవకమ్మ నర్రవాడ వెంగమాంబ మీద ఒట్టేయించుకుంది. "పరుగులు చదువుకో. పరువు తీయొద్దు" అనింది. కాబట్టి అతనిది శుద్ధ శాకాహార జూదం. వాసన చూస్తాడు, తినడు.

వాసన చూసే విద్యలో మాత్రం పండితుడైపోయినాడు, తన లెక్క ప్రకారం. బైండు పుస్తకం ఒకటి పెట్టి నాలుగు రంగుల పెన్నులతో రాసేవాడు. ఎవరన్నా దొరికితే చాలు, విప్పేవాడు.

"గుర్రం ఎంతలో వచ్చిందనేది కాదబ్బా. ఎట్టా వచ్చిందనేది. ఈజీగా నలభైలో వచ్చిందంటే ఇంకా జేబులో చిల్లర ఉండాదని అర్థం. ఒత్తితే ముప్పై ఎనిమిదిలో వచ్చిందంటే జేబు దులిపేసిందని అర్థం. పైన కూర్చున్నోడు ఎన్ని కేజీలు? పక్కన తోడు గుర్రం ఉండాదా, ఒంటరిగా పోయిందా? ముందురోజు వాన పడిందా? ఖాళీ బస్సు గంటలో నెల్లూరు పోయిందంటే గొప్పా? పెళ్లివాళ్లు ఎక్కిన బస్సు గంటన్నరలో పోయిందంటే, అదీ బండి."

వినేవాళ్లు తల ఊపేవాళ్లు. గుర్రం అర్థమయ్యేది, జనార్దనయ్యే ఎవరికీ అర్థమయ్యేవాడు కాదు. అతను చెప్పినవి పదింటిలో రెండు నిజమయ్యేవి. ఆ సంగతి గర్వంగా చెప్పబోతే దేవకమ్మ అడ్డం పడింది. "పందేనికి ఎన్ని గుర్రాలుంటాయి?" "ఐదో ఆరో." "అయితే కళ్లు మూసుకొని వేలు పెట్టినా పదింటికి రెండు వస్తాయి గదా. దానికి నాలుగు రంగుల పెన్నులెందుకు?"

అటువంటి పండితుడికి ఒకరోజు ఆత్మకూరునుంచి ఖలీలుల్లా ఫోను చేసినాడు.

ఖలీలుల్లా ఒకప్పుడు ఆ బస్టాండు బయట జట్కా తోలేవాడు. లోపల ఇతను బస్సుల టైము రాస్తుంటే, బయట అతను బస్సు తప్పిపోయినవాళ్లని ఎక్కించుకునేవాడు. ఒకరి ఆలస్యం మీద ఇంకొకరి బతుకు. స్నేహం కుదరకేం చేస్తుంది? ఆటోలొచ్చినాక జట్కా మూలబడింది గానీ, ఇంట్లో గుర్రం లేకుండా ఖలీలుల్లా ఒక్కరోజు ఉండలేదు. ఇప్పుడున్నది గులాబీ. ఎర్రమన్ను రంగు ఆడగుర్రం, నొసట తెల్లచుక్క. పెళ్లి ఊరేగింపులకి తిప్పుతాడు. పెళ్లిళ్లు మూడు నెలలుంటాయి. గులాబీ పన్నెండు నెలలూ తింటుంది.

ఆ ఇంట్లో ఇద్దరు 'బీ'లు, భార్య రహీమాబీ, గుర్రం గులాబీ. ఇద్దరిలో ఒకరే ఖలీలుల్లా మాట వింటారు. వినే బీకి నాలుగు కాళ్లు.

"సారూ, గులాబీని అమ్మేస్తాననింది" అన్నాడు ఖలీలుల్లా ఫోనులో.

"ఎవురు?"

"ఇంకెవురు. నెల్లూరులో పెళ్లి ఏర్పాట్లు చేసే రమేష్‌బాబని ఒకాయన అడిగినాడంట. ఈమె సరేననింది. ఒకసారి వచ్చి చెప్పు సారూ, నీ మాటంటే కొంచెం వింటాది."

జనార్దనయ్య మర్నాడు తొలిబస్సుకే దిగినాడు. ఊరి వెనక కాలువగట్టు మొదట్లో రహీమాబీ టీ అంగడి, దాని పక్కనే రేకుల షెడ్డులో గులాబీ. గట్టు మీద మట్టిరోడ్డు తిన్నగా, గుండుసూది మాదిరి పోతుంది. ఎనిమిది వందల మీటర్ల దూరాన ఒక కల్వర్టు, ఇంకో ఎనిమిది వందలు పోతే తూము.

అతను బెంచీ మీద కూర్చునేసరికి గులాబీ షెడ్డులో లేదు. రహీమాబీ తమ్ముడు ఆసిఫ్ పొద్దుటి వ్యాయామానికి తోలుకుపోయినాడట. ఆసిఫ్ బక్కపల్చటి మనిషి, ఆటో తోలతాడు. ఏడుంబావుకి స్కూలు పిల్లల ట్రిప్పు ఉంది కాబట్టి కల్వర్టు దాకా పోయి వెనక్కి వచ్చేస్తాడు, అంతకుమించి ఒక్క అడుగు పోడు.

జనార్దనయ్య టీగ్లాసు నోటి దగ్గర పెట్టుకోబోయినాడు. కల్వర్టు దగ్గర దుమ్ము లేచింది. చెయ్యి తనంతట తాను ఫోనులో గడియారం నొక్కింది. ఎర్రటి మెరుపొకటి చెవులు వెనక్కి పెట్టుకొని అంగడి ముందుకొచ్చి ఆగింది. అరవై నాలుగు సెకండ్లు. ఆసిఫ్ చేతిలో కొరడా లేదు. గుర్రానికి ఆయాసం లేదు.

"ఒత్తినావా?" అన్నాడు జనార్దనయ్య.

"ఏందీ సార్?"

"కాళ్లతో పొడిచినావా, అదిలించినావా?"

"లేదు సార్. పట్టుకొని కూర్చున్నా, అంతే."

జనార్దనయ్య గుండె దౌడు తీసింది. ఈజీగా అరవై నాలుగు. ఒంటరిగా, మెత్తటి మట్టి మీద. జేబులో చిల్లర కాదు, బీరువా నిండా నోట్లున్నాయి ఈ గుర్రానికి. అప్పుడే కనబడింది అంగడి గోడకి అతికించిన పోస్టరు. వచ్చే నెల మొదటి ఆదివారం కాలువగట్టు మీద గుర్రప్పందెం, పదహారు వందల మీటర్లు, టీ అంగడి దగ్గర మొదలు, తూము దగ్గర ముగింపు. కుర్రాళ్ల సంఘం వాళ్లు పెట్టినారు.

"చెల్లే" అన్నాడు రహీమాబీతో, "ఈ పందెంలో గులాబీదే మొదటి స్థానం. గెలిచే గుర్రాన్ని ఎవురన్నా అమ్ముతారా?"

రహీమాబీ పాలగిన్నె దించి చూసింది. "గెలుస్తాదా?"

"రాసిస్తా."

"గెలవకపోతే?"

ఇక్కడ ఖలీలుల్లా వెనకనుంచి చొక్కా లాగినాడు. జనార్దనయ్య దాన్ని ప్రోత్సాహం అనుకున్నాడు.

"గెలవకపోతే ఆనాడే అమ్మెయ్. ఖలీలు నోరు మెదపడు, దానికి నాది పూచీ. నాకు కూడా బాగా గడ్డి పెట్టు."

"అయితే సరే" అనింది రహీమాబీ. "గెలిస్తే ఉంటాది. గెలవకపోతే పోతాది. ఇద్దురూ విన్నారు గదా." ఆమెకి గులాబీ మీద కోపమేం లేదు. పొద్దున్నుంచీ మాపటిదాకా టీ కాచి సంపాదించింది గులాబీ మాపటినుంచి పొద్దున్నకల్లా నమిలేస్తుంది. ఎన్నాళ్లని కాస్తుంది?

ఇంతకుముందు గుర్రాన్ని ఎట్లాగోలా బతిమాలి ఆపుకోవచ్చునన్న ఆశ ఖలీలుల్లాకి ఉండేది. జనార్దనయ్య వచ్చి పది నిమిషాల్లో ఆ ఆశకి ఒక తేదీ పెట్టేసినాడు.

ఆనాటినుంచి పందెం దాకా ప్రతిరోజూ తొలిబస్సు. ఉదయగిరిలో చీకటితో బయలుదేరితే ఆత్మకూరులో తెల్లవారేది. "ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంత పెందలాడే లేవలేదు, ఇప్పుడు పందెమాడే వయసా?" అనేది దేవకమ్మ. "ఆడేది నేను కాదే, ఆడగుర్రం" అనేవాడు. దేవకమ్మ దుప్పటి ముసుగేసుకొని ఇటుపక్కనుంచి అటుపక్కకి తిరిగేది. అతని చమత్కారాలకి పాతికేళ్లుగా ఆమె ఇచ్చే చప్పట్లు అవే.

కాలువగట్టు మీద పొద్దులు ఒకే పద్ధతిలో జరిగేవి. ఇతను దిగి నడిచి వచ్చేసరికి ఆసిఫ్ గులాబీని తోలుకొని అటు బయలుదేరేవాడు. సరిగ్గా ఆ సమయానికే టీ తయారయ్యేది. అల్లం టీ, పైన మీగడ. జనార్దనయ్య గట్టుకి వీపు పెట్టి, రహీమాబీకి బెంగుళూరు గుర్రాల సంగతులు చెబుతూ తాగేవాడు. టీ అయిపోయేసరికి గుర్రం కల్వర్టు దగ్గర వెనక్కి తిరిగేది. గ్లాసు పక్కన పెట్టి, గట్టు వైపు తిరిగి, ఫోను నొక్కేవాడు. అరవై మూడు. అరవై రెండు. ఒకరోజు అరవై ఒకటి, అదీ ఆసిఫ్ చెప్పులు జారిపోతుంటే పట్టుకుంటూ వచ్చినప్పుడు. పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు: "గులాబీ, ఎనిమిది వందలు, అరవై ఒకటి, చెప్పులతో, ఈజీగా."

ఖలీలుల్లా రెండు మూడుసార్లు పక్కన వచ్చి కూర్చున్నాడు. ఏదో అడగబోయినట్టు గొంతు సవరించుకునేవాడు. జనార్దనయ్య పుస్తకం తిప్పి చూపించేవాడు. ఆ గీతలూ ఆ రంగులూ చూసి ఖలీలుల్లా గొంతులోది గొంతులోనే మింగేవాడు.

పందేనికి ముందురోజు మర్రిపాడునుంచి పెంచలయ్య వచ్చినాడు, నల్లగుర్రంతో. గొర్రెలు మేపే మనిషి, తలకి తువ్వాల, మాటకి ముందు నవ్వు. రాగానే గుర్రాన్ని గట్టున కల్వర్టు దాకా ఒకసారి పరిగెత్తించి, నడిపించుకుంటూ వచ్చినాడు. జనార్దనయ్య మర్యాదకి ఒక కన్ను వేసి టైము చూసినాడు. డెబ్బై. నల్లగుర్రం కథ అక్కడితో అయిపోయింది అనుకొని దానికి పచ్చ పెన్ను కూడా వాడలేదు. మామూలు నీలంతో రాసినాడు.

పెంచలయ్య టీ తీసుకొని పక్కన కూర్చున్నాడు. "సార్, మీ గుర్రం అరవై ఒకటంట గదా. ఊరంతా చెప్పుకుంటా ఉండారు."

"నేనే చెప్పినా" అన్నాడు జనార్దనయ్య వినయంగా.

"అటు పోయేటప్పుడా, ఇటు వచ్చేటప్పుడా?"

"ఇటు వచ్చేటప్పుడు."

"అటు పోయేటప్పుడు ఎంత?"

"అటు పోయేటప్పుడు నేను టీ తాగతా ఉంటా."

పెంచలయ్య నవ్వినాడు. అతను ప్రతిదానికీ నవ్వుతాడు కాబట్టి జనార్దనయ్య దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎనిమిది వందల మీటర్లంటే అటైనా ఎనిమిది వందలే, ఇటైనా ఎనిమిది వందలే. గొర్రెలవాడికి మీటర్లేం తెలుసు.

పందెం రోజు కాలువగట్టుకి ఊరు ఊరంతా కదిలొచ్చింది. జనమంతా తూము దగ్గర, పందిరి దగ్గర, మైకు దగ్గర. గెలిచేది అక్కడ కదా. మొదలయ్యే చోట ఎవరూ నిలబడరు. అయితే మొదలుపెట్టడానికి ఒక మనిషి కావాలి. కండక్టరు రోజుల నాటి విజిలు ఇంకా జేబులో మోస్తున్న మనిషి ఆ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. అట్లా జనార్దనయ్యకి పదవి దక్కింది. అంగడి ముందు, తన బెంచీ పక్కనే. కూర్చున్న చోటునుంచి కదలక్కర్లేని పదవి అంటే అతనికి మొదటినుంచీ మక్కువ.

ఖలీలుల్లా తెల్ల జుబ్బా వేసుకొని తూము దగ్గరికి పోయినాడు, గులాబీ వచ్చేటప్పుడు ఎదురుండాలని. పోతూ పోతూ గులాబీ మెడ మీద చెయ్యేసి ఉర్దూలో ఏదో చెప్పినాడు. తర్వాత జనార్దనయ్య దగ్గర ఆగినాడు. "సారూ, అంతా చూసే చెప్పినావు గదా?"

"నాడా చూసి నాడి చెప్పేవాణ్ణి ఖలీలూ. నిశ్చింతగా పో."

రమేష్‌బాబు కూడా నెల్లూరునుంచి కారేసుకొని వచ్చి తూము దగ్గరే నిలబడినాడు. పందెం ఓడితే ఆ సాయంత్రమే తోలుకుపోదామని లారీ కూడా మాట్లాడుకొని వచ్చినాడు. రహీమాబీ మాత్రం అంగడి వదల్లేదు. గులాబీ తిరిగొచ్చినా రాకపోయినా గిరాకీ వస్తుంది కదా.

ఆరు గుర్రాలు వరసగా నిలబడినాయి. జనార్దనయ్య ఒక చేత్తో విజిలు, ఇంకో చేత్తో ఫోను పట్టుకొని, కోవూరు స్టాపులో బస్సు కదిలించినట్టు రెండు విజిళ్లు వేసినాడు.

ఐదు గుర్రాలు దుమ్ములో కలిసిపోయినాయి. గులాబీ కూడా బయలుదేరింది. బయలుదేరింది అనడమే న్యాయం, పరిగెత్తింది అంటే అబద్ధం. సంతకి కూరగాయలకి పోయే పెద్దమ్మ మాదిరి, అటు ఒకసారి చూసి, ఇటు ఒకసారి చూసి, తోవలో గట్టు పక్కన పచ్చగా కనబడితే ఒక కొరుకు కొరికి పోతా ఉంది. పైన ఆసిఫ్ కాళ్లతో పొడిచి, అరిచి, బతిమాలి, తువ్వాలతో కొట్టి చూస్తున్నాడు.

జనార్దనయ్య నోట్లోంచి విజిలు జారి కింద పడింది. అతను ఇంతవరకూ గులాబీని వెనకనుంచి చూడలేదు. ఇన్ని పొద్దులు చూసినాడు, ఒక్కనాడూ అటు పోయే గులాబీని చూడలేదు. దాని తోక అంత తీరిగ్గా ఊగుతుందని అతనికి ఈ రోజే తెలిసింది.

"ఏందిది చెల్లే, దీనికి ఒంట్లో బాగాలేదా?"

"రోజూ అట్టాగే గదా పోయేది" అనింది రహీమాబీ టీ వడపోస్తూ. "నువ్వు చూళ్లేదా?"

అప్పుడు అర్థమైంది. రోజూ పొద్దున గులాబీ పరిగెత్తింది పందేనికి కాదు, ఇంటికి. ఆ షెడ్డులో నానబెట్టిన ఉలవలుంటాయి. ఎనిమిది వందల మీటర్లలో ఆ అరవై ఒకటి ఉలవల టైమింగు. తను నాలుగు రంగుల్లో రాసుకున్నది గుర్రం సత్తా కాదు, గుర్రం ఆకలి. పందెం మొదలు ఇంటి దగ్గర, ముగింపు ఇంటికి దూరంగా. ఆ సంగతి కనిపెట్టడానికి పండితుడు అక్కర్లేదు, మెడ తిప్పగలిగిన మనిషి చాలు.

గట్టు పొడుగూతా దుమ్ము తగ్గినాక, దూరంగా కల్వర్టు దగ్గర ఎర్రటి చుక్క ఒకటి కనబడింది. ఆగింది. అక్కడ ఇన్నాళ్లుగా ఏం చేసిందో అదే చేసింది, వెనక్కి తిరిగింది.

జనార్దనయ్య బొటనవేలు అలవాటు కొద్దీ ఫోను నొక్కేసింది.

గులాబీ వచ్చింది. ఆ రావడం రేసు మైదానాల్లో ఎవరూ చూసి ఉండరు. చెవులు వెనక్కి, తోక జెండాలాగా, ఆసిఫ్ మెడని కావలించుకొని కళ్లు మూసుకొని ఉన్నాడు. అంగడి ముందుకొచ్చి, జనార్దనయ్య మీద ఒక గుప్పెడు దుమ్ము చల్లి, తిన్నగా షెడ్డులోకి పోయి తొట్టిలో మూతి పెట్టింది.

యాభై ఎనిమిది. జనార్దనయ్య పైకే చదివినాడు. ఈ గట్టు మీద అంత టైము ఎప్పుడూ రాలేదు.

అదే సమయానికి తూము దగ్గర మైకు మోగింది. "మొదటి స్థానం మర్రిపాడు నల్లగుర్రం, యజమాని పెంచలయ్య. రెండో స్థానం వింజమూరు తెల్లగుర్రం." కాసేపు ఆగి, మళ్లీ. "ఆత్మకూరు గులాబీ ఎక్కడున్నా పందిరి దగ్గరకి రావలసిందిగా కోరుతున్నాము."

ఆసిఫ్ దిగి బెంచీ మీద కూలబడినాడు. "కళ్లెం లాగినాను సార్, ఆగలే. కల్వర్టు రాంగానే తిరుక్కునింది. స్కూలు పిల్లలకి టైమైందనుకుందేమో."

"ఇయాల ఆదివారం గదరా" అన్నాడు జనార్దనయ్య నీరసంగా.

"గుర్రానికేం తెలుసు సార్."

గుర్రానికి ఆదివారం తెలియదు, పండితుడికి గుర్రం తెలియదు. జనార్దనయ్య పుస్తకం తీసి చూసుకున్నాడు. పేజీ నిండా ఎర్ర పెన్ను, ఇప్పుడు అదంతా తనకి ఎవరో పెట్టిన తప్పుల మాదిరి కనబడింది. ఇన్నాళ్లు వేసింది అంచనా అనుకున్నాడు, పంచనామా అయి కూర్చుంది. లబ్ధి అనుకుని వచ్చినచోట లద్దె మిగిలింది. మామూలుగా అయితే ఈ మాటలకి తనే ముందు నవ్వుకునేవాడు. ఈసారి నవ్వు రాలేదు. గట్టు మీద నడిచి వస్తున్న తెల్ల జుబ్బా కనబడింది.

పదహారు వందల మీటర్లూ ఖలీలుల్లా నడిచే వచ్చినాడు. బండి మీద ఎక్కమంటే ఎక్కలేదట. వచ్చి షెడ్డులోకి చూసి, గులాబీ తింటుంటే కాసేపు నిలబడి, తర్వాత బెంచీ మీద కూర్చున్నాడు.

"ఖలీలూ" అన్నాడు జనార్దనయ్య. "అటు పోయేటప్పుడు నేను టీ తాగతా ఉన్నా."

"అది ఇంటికొచ్చేటప్పుడే పరిగెత్తేది సారూ. నాకు తెలుసు."

"తెలుసా?"

"జట్కా తోలినోడికి తెలీకుండా ఉంటాదా. ఏ గుర్రమైనా సాయంత్రం ఇంటికి తిరగంగానే రెక్కలొస్తాయి."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు బెంగుళూరు గుర్రాలనే చదివినోడివి. ఇంత చిన్న సంగతి నీకు తెలీదా అనుకున్నా. నీ పుస్తకంలో దానికి కూడా ఏదో ఒక లెక్క ఉంటాదిలే అనుకున్నా. అడిగితే నిన్ను తక్కువ చేసినట్టుంటాదని..."

ఖలీలుల్లా ఏదన్నా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది జనార్దనయ్యకి. ఇంత మర్యాద అతను ఎన్నడూ పడలేదు. ఆ పుస్తకాన్ని కాలువలో వేసేద్దామని చూసినాడు గానీ కాలువలో నీళ్లు లేవు.

కారు వచ్చి ఆగింది. రమేష్‌బాబు దిగినాడు. చలవ కళ్లద్దాలు, చేతికి మూడు ఉంగరాలు.

రహీమాబీ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. మొగుడివైపు చూడలేదు. చూస్తే మాట నిలబడదని ఆమెకి తెలుసు. "అనుకున్నట్టే అన్నా. తోలుకుపో" అనింది.

ఖలీలుల్లా లేచి షెడ్డు వైపు నడిచినాడు, పగ్గం విప్పడానికి. పూచీ పడ్డ పెద్దమనిషి బెంచీ మీద తల వంచుకొని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఆగండి ఆగండి" అన్నాడు రమేష్‌బాబు. "నాకొద్దక్కా."

"వద్దా? ఏం, ఓడిపోయిందనా? నీకు కావాల్సింది ఊరేగింపుకి గదా. మెల్లిగా పోతాది, చూసినావు గదా."

"పోయేది చూసినా. వచ్చేది కూడా చూసినా. అదే భయం." రమేష్‌బాబు కళ్లద్దాలు తీసినాడు. "నెల్లూరు ట్రంకురోడ్డులో పెళ్లికొడుకుని ఎక్కిస్తా. బాసికం, తలపాగా, కత్తి, అంతా కట్టి. సగం దూరం పోయినాక దీనికి ఆత్మకూరు గుర్తొచ్చి వెనక్కి తిరిగిందంటే? ముహూర్తానికి పెళ్లికొడుకు మీ టీ అంగడి ముందుంటాడు. మండపంలో పెళ్లికూతురికి నేనేం చెప్పాల?"

"కొంచెం తగ్గించుకుంటాంలే అన్నా."

"ఊరికే ఇచ్చినా వద్దక్కా. తూము దగ్గర ఊరూరి నుంచి వచ్చిన జనం చూసినారు. ఎవురూ కొనరు దాన్ని."

కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఖలీలుల్లా సగం విప్పిన పగ్గం చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడినాడు. సంతోషించవచ్చునో లేదో ఇంకా ఆర్డరు రాలేదు.

రహీమాబీ షెడ్డులోకి పోయింది. తొట్టి అడుగు నాకుతున్న గులాబీని కాసేపు చూసింది. "మొగుడు రైలెక్కి హైదరాబాదు పోయి మూడునెల్లు రాలేదొకసారి. నువ్వు యాభై ఎనిమిది సెకండ్లలో వచ్చినావు" అని నొసటి చుక్క మీద గోకింది. తర్వాత ఖలీలుల్లా చేతిలో పగ్గం లాక్కొని మళ్లీ గట్టిగా కట్టేసింది.

బయటికొచ్చి జనార్దనయ్య ముందు నిలబడింది.

"అన్నా. ఆరోజు ఏమన్నావు? గెలవకపోతే నీకు గడ్డి పెట్టమన్నావు గదా."

"అన్నా చెల్లే. పెట్టు. ఎంతైనా పెట్టు, పడతా."

"నాకు అంత తీరిక లేదు. నువ్వే తెచ్చి దానికి పెట్టు. మీ ఉదయగిరి పక్క జొన్నచొప్ప బాగుంటాదంట. నెలకి నాలుగు మోపులు. ఏడాది. నేను అమ్మబోతా ఉంటే నువ్వు పందెం అన్నావు, నీ లెక్క వల్లనే ఇప్పుడు అమ్మడానికి కూడా లేకుండా పోయింది. మిగతా దాణా నేను చూసుకుంటా. చొప్ప నీది."

జనార్దనయ్య తలూపినాడు. కంట్రోలరుగా తలూపించుకున్నన్నాళ్లు తలూపించుకున్నాడు, ఇప్పుడు అప్పు తీరింది.

మొదటి మోపు బస్సులో వేసిన రోజు కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టినాడు. "నేనూ ఇదే డిపార్టుమెంటయ్యా" అన్నాడు జనార్దనయ్య. "మీరు నాకు నేర్పించినదే గదా సార్, మోపుకి టిక్కెట్టు కొట్టకుండా ఒదలొద్దని" అన్నాడు అతను. అంతకుముందు ఇంటి దగ్గర దేవకమ్మ గుమ్మంలో నిలబడి సాగనంపింది. మోపు నెత్తిన పెట్టుకుంటున్న మొగుణ్ణి చూసి చాలా ఏళ్ల తర్వాత హాయిగా నవ్వింది. ఇన్నేళ్ల చమత్కారాలతో సాధించలేనిది ఒక్క చొప్పమోపుతో సాధించినాడు.

ఆత్మకూరు బస్టాండునుంచి కాలువగట్టుకి నడక. నెత్తిన మోపు, కళ్లలో నలుసులు, చెవుల్లో చీమలు. అంగడి ముందు మోపు దించేసరికి రహీమాబీ గోడగడియారం చూసింది. టీ తాగే వేళల్లో చెప్పిన పాఠాలన్నీ ఆమె ఒక్క ముక్క మర్చిపోలేదు.

"బస్సు హారను విన్నప్పట్నుంచి ఇరవై రెండు నిమిషాలన్నా. ఒత్తితే వచ్చినావు. చివర్లో ఆయాసం."

"బరువు చూడు చెల్లే, బరువు. బరువు లెక్కెయ్యాల."

"వేసినా. కడుపు కూడా కలిపినా."

ఖలీలుల్లా మోపు విప్పుతూ మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. గులాబీ చొప్పలోకి మూతి దూర్చింది. అల్లం టీ వచ్చింది. జనార్దనయ్య ఈసారి గట్టు వైపు తిరిగి కూర్చొని తాగినాడు, అటు ఏ గుర్రమూ లేకపోయినా.

టీ ఇంకా సగముండగానే బస్టాండులో ఉదయగిరి బస్సు అరుపు వినబడింది. గ్లాసు బెంచీ మీద పెట్టి, చెప్పులు చేతబట్టుకొని, లుంగీ ఎగ్గట్టి లేచి పరుగందుకున్నాడు.

మలుపు తిరిగేదాకా చూసి, రహీమాబీ మొగుడితో అనింది.

"ఈయన కూడా ఇంటికి పోయేటప్పుడే."